మొప్ప మూత కింద కాపురాలు

గజపతినగరంలో చేప కొనబోయిన మనిషి బేరం మొదలుపెట్టే ముందు ఒక పని చేస్తాడు. బొటనవేలితో చేప చెంప దగ్గరి మూత పైకెత్తి లోపలికి తొంగిచూస్తాడు. ఎర్రగా ఉంటే బేరం. గోధుమరంగుకు తిరిగి జిగురు కారుతుంటే పక్క గంప.

"ఏటి బాబూ అంత సూస్తన్నావు, మందారప్పువ్వునాగుంది. పొద్దున్నే సెరువుల పట్టింది," అంటుంది కత్తిపీట ముందు కూచున్నామె.

ఆమె చెప్పింది నిజమే. కానీ ఆ మందారప్పువ్వు రేకుల మధ్య మనం చూడనివి చాలా ఉంటాయి. ఓ రోజు వాలుగ కోయించుకుని, పారేయబోయిన మొప్పలు కూడా పొట్లం కట్టమన్నాను. "పిల్లికా?" అంది. చూసుకోడానికని చెబితే నమ్మలేదు. ఇంటికొచ్చి ఒక ముక్కను సాసర్‌లో నీళ్లు పోసి వేశాను. పదింతలు పెంచి చూపే భూతద్దం పెడితే ఎర్రటి కుచ్చుల మధ్య నూక గింజలో పదో వంతు కూడా లేని తెల్లటి పోగు ఒకటి సాగి, ముడుచుకుని, మళ్లీ సాగింది. చేప చచ్చింది, దాని మీద కాపురమున్నది ఇంకా చావలేదు.

ఆండ్ర దగ్గరి కొండల్లో పుట్టి కోనాడ వద్ద సముద్రంలో కలిసే చంపావతి ఈ ఊరి పక్కనుంచే పోతుంది. చుట్టూ చెరువులు. ఆ నీటిలో శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, కొరమేను, వాలుగ, జెల్ల, మట్టగిడస, పరిగ. వీటిలో ఏ చేప మొప్ప తీసి ఓపిగ్గా వెతికినా పరాన్నజీవి ఏదో ఒకటి దొరికే అవకాశం ఎక్కువ. ఒక్కటీ లేని చేప కనిపిస్తేనే ఆశ్చర్యపడాలి.

ఇంత పెద్ద ఒంట్లో మొప్పే ఎందుకు? అది తెలియాలంటే మొప్ప పని తెలియాలి.

లీటరు గాలిలో ప్రాణవాయువు 270 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. 25 డిగ్రీల వేడిమి ఉన్న లీటరు నీటిలో నిండా కరిగినా సుమారు 8 మిల్లీగ్రాములే. అంటే మనకు దొరికే దానిలో ముప్పయ్యో వంతుతో చేప బతకాలి. అందుకే మొప్పను పొదుపుగా, పకడ్బందీగా కట్టుకుంది. ఒక్కో వైపు నాలుగు ఎముక విల్లులు, ఒక్కో విల్లుకు రెండు వరసల తంతువులు, ఒక్కో తంతువు మీద పుస్తకంలో కాగితాల్లా పేర్చిన పటలికలు. ఆ పటలికల్లో రక్తానికీ బయటి నీటికీ మధ్య ఉన్న గోడ మందం తలవెంట్రుక మందంలో చిన్న వంతు.

ఇంకో కిటుకుంది. రక్తం ఒక దిక్కుకు పోతుంటే నీరు దానికి ఎదురు దిక్కున పారుతుంది. పెళ్లి పంక్తిలో వడ్డన బకెట్టు ఇటునుంచి వస్తుంటే, విస్తళ్లు అటునుంచి దానికి ఎదురుగా జరుగుతూ వస్తున్నాయనుకోండి. బకెట్టు అడుగంటే చోట ఎదురయ్యేది పూర్తిగా ఖాళీ విస్తరి, ఆ అడుగు మిగులు కూడా దానికి పనికొస్తుంది. బకెట్టు నిండుగా ఉన్న చోట దాదాపు నిండిన విస్తరి ఉంటుంది, దానికీ ఇంకో గరిటె పడుతుంది. ఎక్కడా వడ్డన ఆగదు. ఈ పద్ధతిలో కొన్ని చేపలు నీటిలోని ప్రాణవాయువులో 80 శాతం దాకా లాగేసుకోగలవు. మన ఊపిరితిత్తులకు అంత చేతకాదు.

ఇప్పుడు ఒక పురుగు కళ్లతో చూడండి. పల్చటి చర్మం, దాని వెనకే రక్తం. ఎప్పుడూ తాజా నీరు. తినడానికి జిగురు, కణాలు. పైన మూత. ఇంతకంటే మంచి ఇల్లు చెరువులో ఎక్కడ దొరుకుతుంది? ఇబ్బంది ఒక్కటే, ఆ ఇంట్లో ఎప్పుడూ వరద. చేప నోరు తెరిచి మూసిన ప్రతిసారీ నీరు ఉరికి వస్తుంది. పట్టు జారితే బయటపడి చావాలి. అందుకే మొప్ప పురుగుల ఒంట్లో చూడదగ్గది కన్నూ కాదు, నోరూ కాదు, వెనక భాగం. అక్కడ కొక్కేలుంటాయి.

నా సాసర్‌లో కదిలినది ఆ జాతిదే. శాస్త్రవేత్తలు మోనోజీనియన్లు అనే చదును పురుగులు ఇవి. పేరుపొందిన రకం డాక్టైలోగైరస్. చాలావాటి పొడవు ఒక మిల్లీమీటరు లోపు. తల దగ్గర నాలుగు కంటిచుక్కలు, వెనక చిన్న చక్రం, దాని మధ్యలో లంగరు లాంటి పెద్ద కొక్కేల జత, అంచున పద్నాలుగు చిన్న కొక్కేలు. దానికి మధ్యలో ఇంకో జీవి అవసరం లేదు, నత్తా అక్కర్లేదు, కొంగా అక్కర్లేదు. గుడ్డు నీటిలో పడుతుంది. వెచ్చటి నీళ్లలో కొద్ది రోజులకే పొదిగి, ఒంటి నిండా నూగుతో ఈదే పిల్ల బయటికొస్తుంది. దానికి పొట్టకూడు లేదు, తనతో తెచ్చుకున్న బలమే. ఒకటి రెండు రోజుల్లో తన చేప దొరక్కపోతే అంతే.

తన చేప అన్నాను. ఈ పురుగులకు చేప దొరకడం ఒక్కటే చాలదు, తగిన చేప దొరకాలి. డాక్టైలోగైరస్‌లో ఇప్పటికి 900కు పైగా జాతులను వర్ణించారు, వాటిలో చాలావాటికి ఒకే ఒక్క చేప జాతి, మహా అయితే దాని దగ్గరి చుట్టాలు. అందులోనూ కొన్ని జాతులు ఫలానా విల్లు మీద, ఫలానా అంచునే ఉంటాయి. ఒకే మొప్ప మీద నాలుగు జాతులున్నా ఎవరి వీధి వాళ్లది. ఎందుకలా అన్నదానికి ఆస్ట్రేలియాలో పనిచేసిన క్లాస్ రోడె ఒక వాదన చెప్పాడు. తిండికోసం పోట్లాడి విడిపోలేదట, అంత విశాలమైన చోట తమవాళ్లు తమకు దొరకాలంటే అందరూ ఒకే మూల చేరాలట. పెళ్లి సంబంధాలకోసం ఒకే పేటలో ఉండడమన్నమాట. నాకీ వాదన నచ్చుతుంది, ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇది వింతగా తోచదు.

వాలుగకూ తన సొంత పురుగులున్నాయి. లక్నోలో ఎస్. ఎల్. జైన్ 1952లో దాని మొప్పల మీది ఒక పురుగుకు థాపరోక్లైడస్ వాలగోనియస్ అని పేరు పెట్టాడు. మొదటి మాటలో అదే ఊరి పురుగుల పండితుడు థాపర్ ఉన్నాడు, రెండో మాటలో వాలుగ ఉంది. 1957లో అదే చేప మీది ఇంకో పురుగు మిజెల్లియస్ ఇండికస్ అయింది. దానిలో అమెరికన్ పండితుడు మిజెల్ పేరు కలిసింది. మనిషి పేరు వీధికి పెడితే పదేళ్లకు మారుస్తారు, పురుగుకు పెడితే నిలుస్తుంది.

డాక్టైలోగైరస్‌కు పినతల్లి బిడ్డ లాంటిది గైరోడాక్టైలస్. అది గుడ్లు పెట్టదు, పిల్లను కంటుంది. పుట్టే పిల్ల దాదాపు తల్లంత ఉంటుంది. ఆ పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల రూపు కడుతుంటుంది. వెచ్చటి నీళ్లలో పుట్టిన ఒకటి రెండు రోజులకే అదీ కనేస్తుంది. మగ తోడు కోసం ఆగే పని కూడా లేదు మొదటి కాన్పుకు. ఈ పురుగును, దీంతోపాటు ఇంకా విచిత్రమైన డిప్లొజూన్‌ను 1832లో నార్డ్‌మన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త లోకానికి చూపించాడు. డిప్లొజూన్ కథ వినాల్సిందే. దాని పిల్లలు విడివిడిగా మొప్ప చేరతాయి. రెండు ఎదురుపడితే ఒకటి మరొకదాని వీపు మీది బుడిపెను పట్టుకుంటుంది, రెండోది కూడా అలాగే పట్టుకుంటుంది, ఒళ్లు రెండూ అతుక్కుపోతాయి. ఇక విడిపోవడమంటూ లేదు. జోడీ దొరకనిది పెద్దది కాకుండానే పోతుంది.

గైరోడాక్టైలస్‌ను వేళాకోళంగా తీసుకోకూడదు. 1975లో నార్వేలో ఒక జాతి బయటపడింది. స్వీడన్ వైపు చేపలు దానితో ఏళ్ల తరబడి సర్దుకున్నాయి, నార్వే సాల్మన్‌కు అది కొత్త. దాదాపు 50 నదుల్లో పిల్ల సాల్మన్లు తుడిచిపెట్టుకుపోయాయి. చివరికి పురుగును వదిలించడానికి నదుల్లో విషం కలిపి, ఉన్న చేపలనన్నిటినీ చంపి, మళ్లీ మొదటినుంచి నింపాల్సి వచ్చింది.

ఒకే పురుగు, ఒక చోట కాలక్షేపం, ఇంకోచోట కాటకం. ఈ తేడా చేపలో ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో మనకు దగ్గరి మనిషి ఉన్నారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో ఆర్. మాధవి చేపల పురుగుల మీద దశాబ్దాలు పనిచేశారు. ఆమె, ఇంగ్లండుకు చెందిన రాయ్ ఆండర్సన్ కలిసి 1985లో గప్పీ చేపల మీద ఒక పరిశోధన ప్రచురించారు. దోమల నివారణకు మన నీళ్లలో వదిలే ఆ వేలెడు కూడా లేని గప్పీయే. ఒకే జాతి చేపలైనా కొన్నిటి మీద గైరోడాక్టైలస్ గుంపులు కట్టింది, కొన్నిటి మీద నిలబడలేకపోయింది. ఆ తట్టుకునే గుణం వంశపారంపర్యంగా వస్తున్నదని వాళ్లు చూపించారు.

ఆమె చేసిన మరో పని మన మొప్పల కథకు ఇంకా దగ్గరిది. తల మీద వెండి చుక్క మెరిసే అప్లోకైలస్ పాంచాక్స్ అనే చిట్టి చేప ఉంది. కూరకు ఎవరూ కొనరు. విశాఖ దగ్గరి వాగు నీటిలో అది బాగా ఉండేది. దాని మొప్పల మీద సెంట్రోసెస్టస్ ఫార్మోసానస్ అనే పురుగు పిల్లలు తిత్తులు కట్టుకుని ఉంటాయి. అవి మొప్పలో ఏయే చోట్ల ఎలా పరుచుకున్నాయో 1986లోను, వాటి జనాభా లెక్కను సి. రుక్మిణితో కలిసి 1991లోను ఆమె ప్రచురించారు.

ఈ పురుగు ఇందాకటివాటిలా ఒంటరి సంసారి కాదు. మూడు ఇళ్ల మధ్య తిరుగుతుంది. కొంగ లాంటి చేపలు తినే పక్షుల పేగులో పెద్ద పురుగు ఉంటుంది. రెట్టతో గుడ్లు నీటిలో పడతాయి, నత్తలోకి చేరతాయి. ఆ నత్త మన కాలవల్లో, చెరువుల అంచున బురదలో కనిపించే సన్నటి మొనగల పొడుగు నత్త, మెలనాయిడిస్. నత్తలో పెరిగి వేలకు వేలుగా తోకతో ఈదే పిల్లలు బయటికొస్తాయి. అప్పుడు చేప వాటిని వెతుక్కుంటూ పోనక్కర్లేదు, అవీ చేపను తరమనక్కర్లేదు. చేప ఊపిరి పీల్చుకుంటుంది. నీటితోపాటు అవీ లోపలికి కొట్టుకొచ్చి మొప్పకు తగులుకుంటాయి. తోక వదిలేసి తంతువులో తిత్తి కట్టుకుంటాయి. చేప ఒళ్లు ఊరుకోదు, ఆ తిత్తి చుట్టూ మెత్తటి ఎముక పెంచి గోడ కడుతుంది. పురుగును బంధించాననుకుంటుంది. ఆ గోడే తంతువును వంకర తిప్పి ఊపిరాడకుండా చేస్తుంది. ఊపిరాడని చేప పైపైకి తేలుతుంది, కొంగకు దొరుకుతుంది. పురుగుకు కావలసింది అదే.

ఈ పురుగును మొదట తైవాన్‌లో 1924లో వర్ణించారు, పేరులోని ఫార్మోసా ఆ ద్వీపానికి పాత పేరు. అక్వేరియం వ్యాపారంతో ఆ పొడుగు నత్త అమెరికా చేరింది. 1996లో టెక్సస్‌లోని కోమల్ నదిలో చేపల మొప్పలు ఉబ్బి కనిపిస్తే చూశారు, ఇదే పురుగు. ప్రపంచంలో ఆ చుట్టుపక్కల తప్ప ఎక్కడా లేని ఫౌంటెన్ డార్టర్ అనే చిన్న చేపకు అది ప్రాణసంకటమైంది. విశాఖ వాగులో లెక్కపెట్టిన తిత్తుల గురించి టెక్సస్‌లో చదవాల్సిన అవసరం అలా వచ్చింది.

తినేవాళ్ల అనుమానం ఇక్కడే తీర్చేస్తాను. పచ్చి చేప తినే దేశాల్లో సెంట్రోసెస్టస్ మనిషి పేగులోకీ చేరింది. పులుసులో ఉడికిన చేపతో ఆ భయం లేదు. పైగా మొప్పలు మనం తినం. మోనోజీనియన్లు అయితే మనిషిని అసలు పట్టవు.

మొప్ప మీద పురుగులే కాదు, తెల్ల మచ్చలూ ఉంటాయి. చెరువు బొచ్చె, శీలావతి మొప్పల మీద కొన్నిసార్లు సగ్గుబియ్యపు నలుసుల్లాంటి తెల్లటి పొక్కులు కనిపిస్తాయి. చిదిమి సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కో పొక్కులో లెక్కలేనన్ని బీజాలు. మిక్సోబోలస్, దాని బంధువులు. చాలాకాలం వీటిని ఏకకణ జీవులనే అనుకున్నారు. 1984లో అమెరికాలో వుల్ఫ్, మార్కివ్ అనే ఇద్దరు, సాల్మన్ జాతి చేపలను పట్టే ఒక మిక్సోబోలస్ తన జీవితంలో సగం బురదలోని ట్యూబిఫెక్స్ ఎర్రపురుగులో, వేరే రూపంలో గడుపుతుందని చూపించారు. అప్పటిదాకా ఆ రెండు రూపాలూ పుస్తకాల్లో రెండు వేరు జీవులు. 2015లో జన్యువులు చదివితే ఇంకా పెద్ద విషయం ఖాయమైంది, ఇవి జెల్లీచేప చుట్టాలు. బీజంలో చుట్టుకుని ఉండే దారం, జెల్లీచేప కుట్టే దారం ఒకే వంశానివి. సముద్రంలో గొడుగులా తేలే జీవి కుటుంబంలో ఒక శాఖ ఒళ్లు పారేసుకుని కొద్ది కణాలుగా మిగిలి చెరువు చేప మొప్పలో తేలిందన్నమాట. 2020లో టెల్ అవీవ్ పరిశోధకుల బృందం సాల్మన్ కండలోని ఒక జాతిని చదివి, దానిలో మైటోకాండ్రియా జన్యుపదార్థం అసలే లేదని చెప్పింది. ప్రాణవాయువుతో పనే లేని జంతువు. ఊపిరి పీల్చే అవయవం మీద బతికే వంశంలో ఊపిరి పీల్చడమే మానేసిన చుట్టం!

మొప్ప మీద కనిపించేదంతా దొంగే అనుకోకండి. ఆల్చిప్పల పిల్లలూ అక్కడ మజిలీ చేస్తాయి. తల్లి ఆల్చిప్ప దూరం నడవలేదు, వాగుకు ఎదురు పోలేదు. పిల్లలు చేప మొప్పకో రెక్కకో కరుచుకుని, కొద్ది వారాలు అక్కడే పెరిగి, ఇంకోచోట ఇసుకలో రాలిపోతాయి. బస్సుకు టిక్కెట్టు కొనని ప్రయాణికులు. చేపలు పోయిన నీటిలో ఆల్చిప్పలకు కొత్త తరం ఉండదు.

ఇంత జనం ఉన్నా వాగు చేప ఎలా బతుకుతోంది? పురుగులు కొద్దిగా ఉంటాయి కాబట్టి. పారే నీటిలో పొదిగిన పిల్లల్లో చాలావాటికి చేపే దొరకదు. చెరువులో ఆ లెక్క మారిపోతుంది. ఎకరాకు పట్టేదాని కంటే ఎక్కువ పిల్ల వదిలి, పేడా తవుడూ వేసి, నీరు మార్చకుండా ఉంచితే ప్రతి పురుగు పిల్లకూ పక్కనే ఒక మొప్ప. ఇక ఎండాకాలం. నీళ్లు తగ్గి వేడెక్కితే ప్రాణవాయువు ఇంకా తగ్గుతుంది. తెల్లవారుజామున అది అడుగంటుతుంది, రాత్రంతా నాచు కూడా చేపలతోపాటు దాన్నే వాడుకుంటుంది కనుక. అప్పుడు చేపలు నోళ్లు తెరిచి పైకి తేలుతాయి. రైతు నీటిలో గాలి కలిపే మర ఆడిస్తాడు, సున్నం చల్లుతాడు. అవి మంచివే. కానీ గాలి మర తిరుగుతున్నా తేలుతుంటే, గట్టుకు ఒళ్లు రాసుకుంటుంటే, మేతకు రాకపోతే, ఒక చేపను పట్టి మొప్ప ఎత్తి చూడాలి. పాలిపోయి, జిగురు ముద్దకట్టి, అంచులు ఉబ్బి ఉంటే లోపల జనాభా పెరిగిందని అర్థం. కొరమేనుకు, మార్పు చేపకు ఈ బాధ కొంత తక్కువ. వాటికి నేరుగా గాలి పీల్చుకునే అర తలలో ఉంది, అందుకే బిందెలో వేసినా బతుకుతాయి.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో రైతుకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఆర్గులస్, వాళ్ల భాషలో పేను. చర్మం మీదా, మొప్ప గదిలోనూ తిరుగుతూ సూది గుచ్చి పీలుస్తుంది. దాని బలహీనత ఒకటుంది. గుడ్లు పెట్టడానికి చేపను వదిలి వచ్చి గట్టి వస్తువు వెతుక్కుంటుంది. చెరువులో వెదురు తడికలు, చెక్కలు నిలబెట్టి, కొద్ది రోజులకోసారి తీసి ఎండబెడితే ఆ గుడ్లు ఎండిపోతాయి. చవకైన పని, మందు లేని పని. అయినా డబ్బా తెచ్చి పొయ్యడమే మనవాళ్లకు అలవాటయింది. పొలంలో పురుగుకు కొట్టే మందు చెరువులో పోస్తే పేనుతోపాటు చేప మేసే చిన్న జీవులూ చస్తాయి, కొన్నాళ్లకు ఆ మందుకు లొంగని పేనే మిగులుతుంది. ఇది నా మాట కాదు, ఏ పురుగుకైనా జరిగేదే.

కొత్త చేపతో కొత్త పురుగు వస్తుందన్నది కూడా మనం చూశాం. 1990లలో థాయ్‌లాండ్ పంగాసియస్ బంగ్లాదేశ్ దారిన మన దేశానికి వచ్చి, ఆంధ్ర చెరువుల్లో విపరీతంగా పెరిగింది. దాని మొప్పల మీది రెండు థాపరోక్లైడస్ జాతులు కూడా దానితోపాటే మన దేశం చేరాయని 2014లో ప్రచురించారు. పిల్ల కొన్నప్పుడు పురుగు ఉచితం. అందుకే బయటినుంచి తెచ్చిన పిల్లను నేరుగా చెరువులో పొయ్యకుండా లీటరుకు 20, 30 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో కొద్ది నిమిషాలు ముంచి వదలమంటారు. పిల్ల తల్లడిల్లితే ఆ క్షణమే తీసేయాలి. మొప్ప పురుగులకు ఉప్పు పడదు. ఈ ఒక్క పని చేసే చెరువుకు, చెయ్యని చెరువుకు తేడా వేసవిలో తెలుస్తుంది.

ఈసారి చేప కోయించినప్పుడు మొప్పలు పారేయనివ్వకండి. సాసర్‌లో నీళ్లు పోసి, ఒక్క విల్లు వేసి, పిల్లల చేతికి భూతద్దం ఇవ్వండి. చేప తాజాదై ఉండాలి, చచ్చి చాలాసేపయితే పురుగులూ రాలిపోతాయి. చూశాక చేతులు సబ్బుతో కడుక్కోమనండి. చేప మాత్రం నిక్షేపంగా పులుసుకు పనికొస్తుంది.